పోస్టు పెట్టెలో చెక్కు, వీధిలో అనుమానం

అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి కొంతకాలంగా ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి. పోస్టులో వేసిన చెక్కు గమ్యం చేరలేదని, దాని మీద పేరు మార్చి ఎవరో సొమ్ము చేసుకున్నారని, ఆపైన వీధిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని పరిస్థితి వచ్చిందని వాటి సారాంశం. అందుకే ఈసారి శీర్షికను ఈ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము డల్లాస్ శివారులో ఉంటున్నాం. జనవరి మూడో వారంలో ఇంటి పన్ను కోసం 9,600 డాలర్లకు చెక్కు రాసి, మా వీధి చివర ఉన్న ఉమ్మడి పోస్టు పెట్టెల్లో, బయటికి పంపే ఉత్తరాల అరలో వేశాను. ఫిబ్రవరిలో కౌంటీ నుంచి బకాయి నోటీసు వచ్చింది. ఖాతా చూసుకుంటే చెక్కు చెల్లిపోయింది. రాసిన సొమ్ము మారలేదు, సంతకం నాదే, పేరు మాత్రం నాకు తెలియని మనిషిది. బ్యాంకువారు విచారణ జరుగుతోందని తప్ప మరో మాట చెప్పడం లేదు. నా డబ్బు తిరిగి వస్తుందా? పన్ను మళ్లీ నేనే కట్టాలా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: ముందు పన్ను కట్టేయండి. చెక్కు దొంగ చేతికి పోయినంత మాత్రాన కౌంటీ దృష్టిలో పన్ను చెల్లినట్టు కాదు. టెక్సాస్‌లో ఇంటి పన్నుకు గడువు జనవరి 31. ఫిబ్రవరిలో కడితే 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ పడతాయి. మీ మొత్తం మీద అది 672 డాలర్లు, ఆపై నెలనెలా పెరుగుతూ పోతుంది. బ్యాంకు నుంచి డబ్బు వచ్చాక కడదామని ఆగితే రెండు వైపులా నష్టపోతారు. పోలీసు ఫిర్యాదు నకలు జతచేసి జరిమానా మాఫీ అడగడంలో తప్పు లేదు, కాని మాఫీకి చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా తక్కువ కనుక దానిని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక బ్యాంకు సంగతి. అమెరికా రాష్ట్రాలు అనుసరించే ఏకరూప వాణిజ్య నియమావళి ప్రకారం, ఖాతాదారు ఇచ్చిన ఆదేశానికి లోబడి మాత్రమే బ్యాంకు ఆ ఖాతా నుంచి సొమ్ము చెల్లించాలి. మీరు కౌంటీ పేరున రాసిన చెక్కును మరొకరి పేరుకు మార్చి చెల్లించుకుంటే, అది మీ ఆదేశం కాదు. కాబట్టి న్యాయం మీ పక్షానే ఉంది. అయితే దానికి ఒక షరతు ఉంది. స్టేట్‌మెంట్ అందిన తరువాత ఖాతాదారు దానిని సకాలంలో చూసుకుని, తేడా కనబడిన వెంటనే బ్యాంకుకు తెలియజేయాలి. చట్టం విధించిన చివరి గడువు ఏడాదే అయినా, ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే ఒప్పందంలో చాలా బ్యాంకులు దానిని 30 రోజులకు, కొన్ని అంతకన్నా తక్కువకు కుదించుకుంటాయి. మీరు నోటీసు రాగానే గమనించి తెలియజేశారు కనుక ఆ చిక్కు మీకు ఉండకపోవచ్చు.

ఆలస్యానికి కారణం మరొకటి. దొంగ చెక్కును వేసిన బ్యాంకు వేరు, మీ బ్యాంకు వేరు. నష్టం ఎవరు భరించాలన్న వాదన ఆ రెండింటి మధ్య వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నడుస్తుంది. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోక, చెక్కు మీద చేసిన మార్పు మీది కాదని ప్రమాణపత్రం రాసి ఇచ్చి, అది అందినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. దానికి పోలీసు ఫిర్యాదు సంఖ్యను, తపాలా తనిఖీ విభాగమైన పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు చేసిన ఫిర్యాదు సంఖ్యను జతపరచండి. పాత ఖాతా మూసి కొత్త సంఖ్యతో మరొకటి తెరవడం తప్పనిసరి, ఎందుకంటే ఒక్క చెక్కు చేతికి దొరికితే చాలు, అడుగున ముద్రించిన అంకెలతో ఎన్ని నకిలీ చెక్కులైనా తయారు చేయవచ్చు. సహేతుకమైన గడువు దాటినా కదలిక లేకపోతే, జాతీయ బ్యాంకులను పర్యవేక్షించే ఓసీసీకి ఫిర్యాదు చేయండి. కౌంటర్ దగ్గర దొరకని జవాబు చాలాసార్లు ఆ ఫిర్యాదు తరువాత దొరుకుతుంది.

ఈ మోసం ఎంత పెరిగిందో తెలియడానికి ఒక లెక్క చెబుతాను. అమెరికా ఆర్థిక శాఖలో ఆర్థిక నేరాల మీద నిఘా పెట్టే విభాగమైన ఫిన్‌సెన్ 2023 ఫిబ్రవరిలో బ్యాంకులకు దీని గురించి హెచ్చరిక పంపింది. ఆ తరువాతి ఆరు నెలల్లో బ్యాంకుల నుంచి 15,417 నివేదికలు అందాయి. వాటిలో పేర్కొన్న అనుమానాస్పద లావాదేవీల విలువ 68 కోట్ల 80 లక్షల డాలర్లకు పైమాటే. వాటిలో 44 శాతం మీకు జరిగినట్టు రాత మార్చి వేసుకున్న చెక్కులు, 26 శాతం దొంగిలించిన దానిని నమూనాగా పెట్టుకుని తయారు చేసిన నకిలీలు, 20 శాతం దొంగ సంతకంతో వేసుకున్నవి.

ప్రశ్న: అట్లాంటా దగ్గర మా కాలనీలో నూట ఇరవై ఇళ్లున్నాయి, నేను యజమానుల సంఘానికి కార్యదర్శిని. గత శరదృతువులో మా ఉమ్మడి పోస్టు పెట్టెలను రాత్రిపూట తెరిచి ఉత్తరాలు పట్టుకుపోయారు, నలుగురి చెక్కులు పోయాయి. ఒకరి ఇంటి డోర్‌బెల్ కెమెరాలో, ఆ వారంలోనే ఒక సాయంత్రం ఒక కుర్రాడు పెట్టెల దగ్గర తచ్చాడుతున్నట్టు కనిపిస్తే ఆ వీడియోను వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అతడు మా వీధిలోనే ఉండే పదిహేడేళ్ల పిల్లవాడు, ట్యూషన్ చెబుతానని కాగితాలు పంచడానికి వచ్చానని చెప్పాడు. ఏదీ రుజువు కాలేదు, ఎవరూ క్షమాపణా చెప్పలేదు. ఆ కుటుంబం ఈ ఏడాది బతుకమ్మకు రాలేదు. ఇప్పుడు ఎవరింటికైనా కొత్త మనిషి పనికి వచ్చినా గ్రూపులో ఫోటో వస్తోంది. నేను ఏం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, జార్జియా

జవాబు: మీ కాలనీలో రెండు నష్టాలు జరిగాయి. చెక్కుల నష్టాన్ని బ్యాంకులు చాలావరకు పూడుస్తాయి, రెండోదానికి మీ సంఘమే పూనుకోవాలి. అందుకు ముందుగా ఈ దొంగతనం ఎలా జరుగుతుందో మీ సభ్యులందరికీ తెలియాలి, ఎందుకంటే అది తెలిసినవారు ఎవరూ పక్కింటి పిల్లవాడిని మొదట అనుమానించరు.

ఉమ్మడి పెట్టెలో మీ అరకు మీ తాళం ఉంటుంది. కాని పోస్ట్‌మ్యాన్ ఒక్కో అర తెరుస్తూ కూర్చోడు, పెట్టె మొత్తాన్ని ఒకేసారి తెరిచే తాళంచెవి అతని దగ్గర ఉంటుంది. దానిని యారో కీ అంటారు. ఆ ప్రాంతంలోని ఉమ్మడి పెట్టెలు, అపార్ట్‌మెంట్ల పెట్టెలు, వీధి మూలల్లోని నీలం పెట్టెలు అన్నీ ఆ ఒక్క తాళంచెవికే తెరుచుకుంటాయి. అందుకే దానికోసం పోస్ట్‌మ్యాన్లను తుపాకీతో బెదిరించి దోచుకున్న ఘటనలు దేశమంతటా జరిగాయి. చలామణిలో ఉన్న తాళంచెవుల సంఖ్యే తపాలా శాఖకు తెలియదని, పోయినవాటి గురించి సరిగా తెలియజేయడం లేదని ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2020లోనే తప్పుపట్టింది. 2023 మే నెలలో ఆ శాఖ 49,000 పాత తాళాల స్థానంలో ఎలక్ట్రానిక్ తాళాలు అమర్చుతామని, 12,000 పటిష్ఠమైన నీలం పెట్టెలు పెడతామని ప్రకటించింది. మీ పెట్టెల తాళాలు పగలకుండా తెరుచుకుని ఉంటే, అది యారో కీతో జరిగిన పని అయ్యే అవకాశం ఎక్కువ. పగలగొట్టి ఉంటే గడ్డపలుగు ఉన్న ఎవరైనా చేసి ఉండవచ్చు. ఈ తేడాను మీలో ఎవరైనా చూసి రాసి పెట్టారా? వీడియో చూసినంత శ్రద్ధగా తాళం ఎవరూ చూసి ఉండరని నా అనుమానం.

చెక్కు దొంగ చేతికి చిక్కాక మీ ఊళ్లోనే ఉండాలని కూడా లేదు. పోస్టు పెట్టెలు తెరిచేవాడు ఒకడు, సిరాను రసాయనంతో కడిగేవాడు మరొకడు, తన బ్యాంకు ఖాతాలో దానిని వేయడానికి ఒప్పుకునేవాడు ఇంకొకడు. వీరి మధ్య టెలిగ్రామ్ వంటి చోట్ల చెక్కుల ఫోటోలు పెట్టి అమ్మకం సాగుతుంది. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ మైమన్ నడిపిన పరిశోధక బృందం ఈ అంగడిని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ఖాతా అద్దెకిచ్చే ఆ మూడో మనిషి చాలాసార్లు కాలేజీ విద్యార్థే ఉంటాడు. 'నీ ఖాతాలో ఒక చెక్కు వేస్తాం, కొంత నువ్వు ఉంచుకో' అని ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగితే ఒప్పుకుని చిక్కుల్లో పడతారు. మన పిల్లలకు చెప్పవలసిన జాగ్రత్త నిజానికి ఇది. వీసా మీద చదువుకునే విద్యార్థికి ఇటువంటి కేసు పడితే, దాని పర్యవసానం కేవలం జరిమానాతో తీరదు.

ఇప్పుడు ఆ పిల్లవాడి విషయం. స్టాంపు లేని కాగితాలను పోస్టు పెట్టెల్లో వేయడం అమెరికాలో చట్టవిరుద్ధమే, కనుక అతడు ట్యూషన్ కరపత్రాలు పెట్టెల్లో దూర్చి ఉంటే అది పొరపాటు, చెప్పి సరిదిద్దవచ్చు. దొంగతనం పూర్తిగా వేరు సంగతి. ఉత్తరాల దొంగతనానికి ఐదేళ్ల వరకు, తపాలా తాళంచెవి దొంగిలించడానికి పదేళ్ల వరకు జైలు విధించే కేంద్ర చట్టాలున్నాయి. అంతటి నేరాన్ని కాసేపటి వీడియో ఆధారంగా ఒక మైనరు మీద వేసి నూట ఇరవై ఇళ్లకు పంపారు. వీడియో పెట్టినవారు అదే గ్రూపులో, అంతమంది ముందే, తాము తొందరపడ్డామని రాయాలి. విడిగా ఆ తల్లిదండ్రులకు ఫోన్ చేసి సర్దిచెబితే చాలదు. నింద బహిరంగంగా వేసి క్షమాపణ చాటుగా చెప్పడం నాకు మర్యాదగా తోచదు. వీడియో పెట్టినవారు అలా రాయడానికి ఇష్టపడకపోతే, కార్యదర్శిగా మీరు సంఘం తరఫున రాయండి.

ఇకపై గ్రూపులో ఏం పెట్టవచ్చో, ఏం పెట్టకూడదో ఒక పద్ధతి ఏర్పరచండి. ఇందులో ఇతరుల అనుభవం పనికి వస్తుంది. పొరుగువారి మధ్య కబుర్లు నడిపే నెక్స్ట్‌డోర్ సంస్థ మీద, నల్లజాతివారు వీధిలో నడిచినా అనుమానితులుగా పోస్టులు పెడుతున్నారని కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తితే, 2016లో అది పోస్టు రాసేవారు నింపే ఫారాన్ని మార్చింది. జాతి పేరు రాసినవారు దుస్తులు, జుట్టు, చెప్పులు వంటి వివరాలు కూడా ఇవ్వాలని, ఇవ్వకపోతే పోస్టు ముందుకు పోదని నిబంధన పెట్టింది. మీ గ్రూపులోనూ అటువంటిదే పెట్టుకోవచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఏ తాళం, ఏ వాహనం, ఏ పని చేస్తుండగా చూశారో రాయాలి. మనిషి ముఖం మాత్రం గ్రూపుకు కాక పోలీసులకూ తపాలా తనిఖీ విభాగానికీ వెళ్లాలి. పనిమనిషి, ప్లంబరు, కొత్తగా అద్దెకు దిగినవారి ఫోటోలు పెట్టడం పూర్తిగా ఆపించండి.

చికాగోలో 343 పేటల్లో 8,782 మందిని అడిగి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనం ఒకటి మీకు ఆసక్తి కలిగించవచ్చు. పొరుగువారి మీద నమ్మకం, అవసరమైతే కలుగజేసుకోవడానికి సిద్ధపడే గుణం ఎక్కువగా ఉన్న పేటల్లో, పేదరికం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, హింస తక్కువగా కనిపించిందని అందులో తేలింది. ఆ అధ్యయనం పోస్టు దొంగతనాల గురించి కాదు, నిజమే. కాని మీ కాలనీలో ఇప్పుడు ఎవరైనా రాత్రిపూట పెట్టెల దగ్గర అలికిడి విని బయటికి వస్తారా, లేక తమనే వీడియో తీస్తారని లోపలే ఉంటారా? కెమెరాలు పెరిగిన చోట మనుషులు బయటికి రావడం తగ్గితే దొంగకే మేలు.

ఆచరణలో మరొక మాట. చాలా కాలనీల్లో పెట్టె సంఘానిది, లోపలి మాస్టర్ తాళం తపాలా శాఖది. స్థానిక పోస్ట్‌మాస్టర్‌కు సంఘం తరఫున ఉత్తరం రాసి తాళం మార్పు ఎప్పుడో అడగండి, పెట్టెల మీద వెలుతురు పడే దీపం మీరే పెట్టించండి. నలుగురు బాధితులూ విడివిడిగా తపాలా తనిఖీ విభాగానికి ఫిర్యాదు చేశారో లేదో కనుక్కోండి. ఆ విభాగం ఫోన్ నంబరు 1-877-876-2455. ఒకే చోట ఎన్ని ఫిర్యాదులు పడ్డాయన్నది వారి విచారణకు ముఖ్యం.

ప్రశ్న: జెల్ పెన్నుతో రాస్తే చెక్కు కడగడం కుదరదంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చాలావరకు నిజమే. మామూలు బాల్‌పెన్ సిరాలోని రంగు, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ వంటి ద్రావకాల్లో కరిగిపోతుంది. కొన్ని జెల్ పెన్నుల్లో వాడే రంగు రేణువులు కాగితపు పీచులో ఇరుక్కుని అంత తేలికగా వదలవు. నల్లటి జెల్ పెన్ వాడండి, కాని దానితోనే నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే చెక్కును కడగకుండా దాని అంకెలతో నకిలీది ముద్రించేవారికి మీరు ఏ పెన్ను వాడారన్నది లెక్కలో లేదు. పంపాల్సిన ఉత్తరం ఉందని పోస్ట్‌మ్యాన్‌కు తెలిసేలా ఇంటి ముందరి పెట్టెకు ఎర్ర జెండా ఎత్తి లోపల చెక్కు పెట్టడం మానేసి, పోస్టాఫీసు లోపలి కౌంటర్‌లో ఇవ్వడం ఏ పెన్ను కన్నా మేలు.

ప్రశ్న: మా గుడికి భక్తులు పోస్టులో విరాళాల చెక్కులు పంపుతారు. దారిలో కొన్ని పోయి, వేరెవరో మార్చుకున్నారు. చెక్కు చెల్లింది కనుక డబ్బు గుడికే చేరిందని దాతలు అనుకుంటున్నారు. 'రసీదు ఎందుకివ్వరు' అని అడుగుతున్నారు, కొందరైతే కమిటీనే శంకిస్తున్నారు. కోశాధికారిగా నాకు తలెత్తుకోలేనట్టుగా ఉంది.
— ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: దాతలను తప్పుపట్టకండి, వారి ఖాతాలో డబ్బు తరిగింది, వారి చేతికి రసీదు రాలేదు. మీ మాట కన్నా వారి బ్యాంకులో ఉన్న ఒక ఆధారం మీకు ఎక్కువ సాయపడుతుంది. చెల్లిన ప్రతి చెక్కుకు ముందువైపు, వెనుకవైపు బొమ్మలు దాత తన బ్యాంకు ఖాతాలో చూసుకోవచ్చు. వెనుకవైపు ఎవరి పేరున ఎండార్స్ అయిందో, అంటే సొమ్ము తీసుకోవడానికి ఎవరి సంతకం లేదా ముద్ర పడిందో, మొదట ఏ బ్యాంకులో వేశారో ఉంటుంది. గుడి ఖాతా ఉన్న బ్యాంకు పేరు, గుడి ముద్ర ఎలా ఉంటుందో అందరికీ ఒకే ఉత్తరంలో తెలియజేసి, తమ చెక్కు వెనుకవైపు సరిచూసుకోమని అడగండి. తేడా ఉన్నవారు వెంటనే తమ బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి, ఎందుకంటే ఖాతాదారు అడిగితే తప్ప బ్యాంకు కదలదు. గుడి తరఫున, ఆ ఎండార్స్‌మెంట్ తమది కాదని ప్రమాణపత్రం ఇవ్వడానికి సిద్ధంగా ఉండండి, దాత బ్యాంకు దానిని అడిగే అవకాశం ఉంది.

గుడికి అందని విరాళానికి రసీదు ఇవ్వకండి, ఎంత ఒత్తిడి వచ్చినా. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు కోరాలంటే సంస్థ రాసి ఇచ్చిన పత్రం ఉండాలని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నియమం. రాని డబ్బుకు పత్రం ఇస్తే, ఇప్పుడు లేని తప్పు రేపు మీ మీద నిజంగానే పడుతుంది. అందిన చెక్కుల జాబితా వారం వారం తయారు చేసి, దానిని కోశాధికారి కాక కమిటీలో మరో ఇద్దరు సరిచూసి సంతకం పెట్టే ఏర్పాటు చేయండి. ఆలయం ఆవరణలోని పెట్టెకు బదులు పోస్టాఫీసు లోపల పీవో బాక్స్ తీసుకుని, ఇష్టపడినవారికి బ్యాంకు ద్వారా నేరుగా పంపే వీలు కల్పించండి. పాత తరం దాతలు చెక్కే పంపుతారు, వారిని మార్చాలని చూడకండి, గుడికి వచ్చినప్పుడు చేతికే ఇవ్వమనండి.

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చెక్కు మీద రెండు గీతలు గీసి అకౌంట్ పేయీ అని రాస్తే ఈ బాధ తప్పుతుంది కదా? మా అబ్బాయికి అదే చెప్పాను, అక్కడ ఆ పద్ధతి లేదన్నాడు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. మన దేశంలో ఆ రెండు గీతలకు ఉన్న చట్టబలం అమెరికా చెక్కుకు లేదు. అక్కడ గీతలు గీసినా అవి వృథా, పైగా వెనుక సంతకంతో చెక్కును మరొకరికి బదిలీ చేసే వీలు మామూలుగా ఉంటుంది. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి 50,000 రూపాయలు, ఆపై చెక్కులకు రిజర్వ్ బ్యాంకు తెచ్చిన పాజిటివ్ పే విధానం గురించి మీరు వినే ఉంటారు. చెక్కు ఇచ్చినవారు పేరు, తేదీ, మొత్తం ముందే బ్యాంకుకు తెలియజేస్తారు, తేడా ఉంటే చెల్లింపు ఆగుతుంది. పాజిటివ్ పే అన్న పేరుతోనే అక్కడి బ్యాంకులు ఇస్తున్న సేవ మాత్రం ఎక్కువగా వ్యాపార ఖాతాలకే పరిమితం. అక్కడి కేంద్ర ప్రభుత్వం తన వరకు కాగితపు చెక్కులను దాదాపుగా ఆపేసింది. 2025 మార్చిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు అందుకు అదే ఏడాది సెప్టెంబరు 30ని గడువుగా పెట్టింది. ఇంటి అద్దె, పన్ను, పనివాళ్ల కూలి మాత్రం ఇంకా చాలాచోట్ల చెక్కు మీదే నడుస్తున్నాయి.

ప్రశ్న: సంక్రాంతికి ఆరు వారాలు ఇండియా వెళ్తున్నాం. పెట్టెలో ఉత్తరాలు పేరుకుపోతే దొంగలకు పిలుపు కాదా? పక్కింటివారిని అడగడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది.
— ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

జవాబు: తపాలా శాఖ ఉత్తరాలను తన దగ్గరే ఆపి ఉంచే సేవ 30 రోజులకే పరిమితం, కనుక మీ ఆరు వారాలకు అది చాలదు. తాత్కాలికంగా చిరునామా మార్పు కోరి, దగ్గరలో ఉన్న బంధువు ఇంటికి మళ్లించుకోవచ్చు. వెళ్లే ముందు తపాలా శాఖవారి ఇన్‌ఫర్మ్‌డ్ డెలివరీ సేవలో మీ పేరున నమోదు చేసుకోండి. రోజూ రాబోయే ఉత్తరాల పైకవరు ఫోటోలు ఉచితంగా మీకు వస్తాయి, పైగా మీ చిరునామాతో మరొకరు ఆ సేవకు నమోదు చేసుకుని మీ ఉత్తరాల మీద కన్నేసే మోసాలు కూడా లోగడ బయటపడ్డాయి. ఆ సమయంలో కొత్త చెక్కు పుస్తకం, బ్యాంకు కార్డు వచ్చేలా ఉంటే వాటిని వాయిదా వేయమని బ్యాంకుకు చెప్పండి. పక్కింటివారిని మాత్రం అడగండి. ఈ వార్తలు విన్న తరువాత వారూ ఎవరినైనా అడగాలంటే మొహమాటపడుతూ ఉండవచ్చు. ఇంటి ముందు పార్సెళ్లు పడి ఉంటే లోపల పెట్టమని, వేసవిలో వారు ఊరెళ్లినప్పుడు మీరు చూస్తామని చెబితే కాదనేవారు తక్కువ.